మిడ్ ఇంజన్ కారు: పొదుపు ఎక్కడ, ఖర్చు ఎక్కడ



మారుతీ వ్యాన్ అంటే తెలియనివారు మనలో దాదాపు ఉండరు. 1984లో వచ్చింది, తరవాత ఆమ్నీ అని పేరు మార్చుకుంది, 2019 దాకా తయారవుతూనే ఉంది. బడిపిల్లల్ని మోసింది, పెళ్ళివారిని మోసింది, ఊళ్ళల్లో అంబులెన్సుగానూ తిరిగింది. ఆ బండి ఇంజన్ ఎక్కడుండేదో ఒక్కసారి గుర్తు చేసుకోండి. మెకానిక్ వచ్చాడంటే ముందు సీటు పైకెత్తేవాడు. ఇంజన్ ఆ సీటు కింద కనిపించేది. అంటే ముందు ఇరుసుకి వెనక, వెనక ఇరుసుకి ముందు. అది తిప్పేది వెనక చక్రాల్ని. రెండు ఇరుసుల నడుమ ఇంజన్ ఉన్న బండిని వాహన ఇంజనీర్లు మిడ్ ఇంజన్ బండి అంటారు. ఆ లెక్కన, కోట్లు పోసి కొనే ఫెరారీకి ఏ అమరిక ఉందో మన బడి వ్యానుకీ అదే ఉంది. వ్యానులో అలా పెట్టింది మనుషులకీ సామానుకీ చోటు మిగలడానికి. ఫెరారీలో పెట్టింది మలుపుల కోసం.

మధ్యతరగతి ఉద్యోగి కొనుక్కోగల ధరలో, రెండు సీట్ల మిడ్ ఇంజన్ స్పోర్ట్స్ కారు రూపొందించాలంటే ఎలా ఆలోచించాలి అన్నది ఈ రోజు మన విషయం. అరవై ఏళ్ళకి పైగా ఇంగ్లండు, ఇటలీ, జర్మనీ, అమెరికా, జపాన్ దేశాల్లో దీని మీద గట్టి బుర్రలు పనిచేశాయి. మన దేశంలోనూ ప్రయత్నం జరిగింది. ఆ చరిత్రంతా చదివాక నాకు ఒక నిశ్చయం కలిగింది. ఇంజన్, గేర్ బాక్స్ ఎంత మామూలు కారు నుంచి తెచ్చుకున్నా ఫరవాలేదు. సస్పెన్షన్‌లో, ఇంజన్ని చల్లబరిచే ఏర్పాటులో మాత్రం రూపాయి తగ్గించినా కారు చెడుతుంది. ఎక్కడ పొదుపు చెయ్యాలి, ఎక్కడ ఖర్చు పెట్టాలి అన్న ఈ ఒక్క విషయం మీదే ఇలాంటి కార్లు నిలిచాయి, పోయాయి.

ముందుగా, ఇంజన్ని మధ్యకి ఎందుకు తేవాలో చెప్పాలి. కావడి మోసే మనిషిని తలుచుకోండి. బద్దకి రెండు కొసల్లో రెండు బిందెలు. తిన్నగా నడిచినంతసేపూ ఇబ్బంది లేదు. సందు మలుపు తిరగాలంటే ముందు ఆ బిందెల్ని కదిలించాలి, తిరిగాక వాటిని ఆపాలి. రెండింటికీ బలం కావాలి. అదే బరువు నెత్తిన పెట్టుకున్నవాడు నిలుచున్నచోటే గిరుక్కున తిరుగుతాడు. మోసే బరువు ఒకటే. అది మనిషికి ఎంత దూరంలో ఉందన్నదే తేడా. కారులో అన్నిటికన్నా బరువైనవి ఇంజన్, గేర్ బాక్స్. అవి కారు ముక్కు దగ్గర ఉంటే ముక్కు తిరగడానికి మొరాయిస్తుంది. డ్రైవరు వీపు వెనక, కారు నడుముకి దగ్గరగా ఉంటే స్టీరింగ్ కదపగానే కారు మలుపులోకి ఒదుగుతుంది.

ఇంకా లాభాలున్నాయి. బరువులో నూటికి సుమారు అరవై వంతులు వెనక చక్రాల మీద పడుతుంది కాబట్టి, తోసే చక్రాలకి నేల మీద పట్టు బాగుంటుంది. బ్రేకు నొక్కినప్పుడు బరువు ముందుకు వాలుతుంది కదా, అప్పుడు నాలుగు చక్రాలూ దాదాపు సమంగా పని పంచుకుంటాయి. ముందు చక్రాల మీద బరువు తక్కువ కాబట్టి పవర్ స్టీరింగ్ లేకపోయినా చేతికి భారం అనిపించదు. పవర్ స్టీరింగ్ మోటారు ధరా మిగులుతుంది, బరువూ మిగులుతుంది. చవక కారు రూపొందించేవాడికి ఇది చిన్న సంగతి కాదు.

మిడ్ ఇంజన్ అంటే ధనవంతుల సరదా అనే భావం మనలో పాతుకుపోయింది. నిజానికి ఈ అమరికకి ఫార్ములా వన్ రేసుల్లో పేరు తెచ్చినవాళ్ళు డబ్బు లేనివాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, 1946లో, లండన్ శివారు సర్బిటన్‌లో చార్లెస్ కూపర్ అనే గ్యారేజీ యజమాని, ఆయన కొడుకు జాన్ కలిసి ఒక చిన్న రేసు కారు కట్టారు. ఫియట్ టొపోలినో అనే బుల్లి కారు ముందు భాగాలు రెండు తీసుకున్నారు. ఒకటి ముందు పెట్టారు, రెండోదాన్ని తిప్పి వెనక అతికారు. రెండిటి నడుమ మోటారు సైకిల్ ఇంజన్ పెట్టి, చెయినుతో వెనక చక్రాల్ని తిప్పారు. చెయిను వెనక చక్రాలకి దగ్గరగా ఉండాలి కాబట్టి ఇంజన్ డ్రైవరు వెనక్కి వచ్చింది, అంతే. అక్కడి నుంచి మెల్లమెల్లగా ఎదిగిన కూపర్ కార్లలోనే జాక్ బ్రాభమ్ 1959లోనూ 1960లోనూ ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయ్యాడు. ఫెరారీ అంతటి సంస్థ కూడా 1961కల్లా తన ఫార్ములా వన్ ఇంజన్లని వెనక్కి జరుపుకోక తప్పలేదు.

రోడ్డు మీద తిరిగే కారుకి వచ్చేసరికి అడ్డుపడింది గేర్ బాక్సు. ఇంజన్‌తో కలిసి డ్రైవరు వెనక ఇమిడే గేర్ బాక్సుని కొత్తగా తయారు చేయించుకోవాలంటే చిన్న సంస్థ తట్టుకోలేదు. లోటస్ సంస్థ 1966లో తెచ్చిన యూరోపా కారు చూడండి. అప్పట్లో రెనో 16 అనే ఫ్రెంచి కుటుంబ కారు ఉండేది. దాని ఇంజన్, గేర్ బాక్స్ రెండూ నిలువుగా ఒకదాని వెనక ఒకటి ఉండేవి, గేర్ బాక్సు ముందు, ఇంజన్ దాని వెనక. లోటస్ అధిపతి కోలిన్ చాప్‌మన్ మనుషులు ఆ జతని కొని, వెనకది ముందుకి వచ్చేలా తిప్పి, సీట్ల వెనక అమర్చారు. అలా తిప్పితే ఒక విడ్డూరం జరుగుతుంది. చక్రాలు తిరిగే దిశ కూడా తారుమారవుతుంది. ముందుకి పోవడానికి ఒకటే గేరు, వెనక్కి పోవడానికి నాలుగు! అందుకని లోపల డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్ళచక్రాన్ని అవతలి వైపుకి మార్చి బిగించారు. దిశ సరిపోయింది. ఒక్క పళ్ళచక్రం పక్క మార్చి, కొత్త గేర్ బాక్సు ఖర్చు తప్పించుకున్నారు. ఇలాంటి తెలివిని నేను నిండు మనసుతో గౌరవిస్తాను.

అసలు దారి తెరిచింది మాత్రం ఇటలీ ఇంజనీరు దాంతె జాకోసా. 1969లో ఆయన నాయకత్వంలో ఫియట్ 128 వచ్చింది. అది పూర్తిగా మామూలు కుటుంబ కారు. ఇంజన్ని అడ్డంగా పడుకోబెట్టి, గేర్ బాక్సుని దాని పక్కనే అదే వరసలో బిగించి, ముందు చక్రాలని తిప్పించారు. ఈనాడు మన వీధుల్లో తిరిగే చిన్న కార్లలో చాలా వాటికి, మారుతీ 800తో సహా, ఇదే పద్ధతి. ఇప్పుడు కొంచెం ఊహించండి. ఆ ఇంజన్, గేర్ బాక్స్, చక్రాల దాకా పోయే షాఫ్టులు, అంతా ఒకే మూట. ఆ మూటని ఎటూ తిప్పకుండా, ఉన్నది ఉన్నట్టు తిన్నగా వెనక్కి జరిపితే ఏమవుతుంది? ముందు ఇరుసుకి ముందున్న ఇంజన్ ఇప్పుడు వెనక ఇరుసుకి ముందు ఉంటుంది. అంటే రెండు ఇరుసుల నడుమ! లోటస్ వాళ్ళకి వచ్చిన దిశ చిక్కు కూడా లేదు, ఎందుకంటే మూటని తిప్పనే లేదు. చవక కుటుంబ కారు కడుపులో మిడ్ ఇంజన్ స్పోర్ట్స్ కారు దాగి ఉందన్నమాట.

దాన్ని బయటికి తీసింది, కార్లకి రూపం గీసే బెర్టోనే సంస్థ. మియురా అనే లంబోర్గినీ గీసిన చెయ్యే ఇక్కడా పనిచేసింది, మార్చెల్లో గాందీనిది. 2024లో ఆయన కన్నుమూసినప్పుడు పత్రికలన్నీ ఆయన గీసిన లంబోర్గినీలనే తలుచుకున్నాయి. నా దృష్టిలో ఆయన చేసిన కష్టమైన పని 1972లో వచ్చిన ఫియట్ ఎక్స్ 1/9. ఖరీదైన కారుకి అందం తేవడానికి కావలసినంత వెడల్పు ఉంటుంది, డబ్బు ఉంటుంది. ఎక్స్ 1/9కి 1290 సి.సి. ఇంజన్, 75 గుర్రాల బలం, 900 కిలోలకి లోపు బరువు. ఆ చిన్న ఒంట్లో ఎన్ని ఇరికించారో చెబుతాను. సీట్ల వెనక, ఇంజన్‌కి ముందు, ఒక పక్క పెట్రోలు టాంకు, ఇంకో పక్క స్టెప్నీ. అలా చేయడంతో ముందు ఒక డిక్కీ, ఇంజన్‌కి వెనక ఇంకో డిక్కీ మిగిలాయి. పైకప్పు ఊడదీసి ముందు డిక్కీలో సామానుకి పైన పరిచి పెట్టుకోవచ్చు. అమెరికాలో ప్రమాద రక్షణ నిబంధనలు కఠినమవుతున్న కాలం కాబట్టి వాటికి తట్టుకునేలా దేహం గట్టిగా కట్టారు. 1989 దాకా, అంటే పదిహేడేళ్ళు అది తయారైంది. పెట్రోలు టాంకు ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్నకి ఇంత ఆలోచన పెట్టినవాళ్ళు కారు మొత్తాన్ని నిజంగా ప్రేమించి చేశారని నేను నమ్ముతాను.

ఇదే కాలంలో జర్మనీలో పోర్షే 914 వచ్చింది. దాని కథ ఇంజనీరింగ్ కన్నా ఒప్పందాలకి సంబంధించినది. ఫోక్స్‌వాగన్ అధిపతి హైన్రిష్ నార్డాఫ్, ఫెర్రీ పోర్షే చేతిలో చెయ్యి వేసి ఒప్పుకున్న పథకం అది. కాగితం మీద పూర్తిగా పెట్టుకోలేదు. 1968లో నార్డాఫ్ మరణించారు. ఆయన స్థానంలోకి వచ్చిన కుర్ట్ లోట్జ్ ఆ మాటని వేరుగా అర్థం చేసుకున్నారు. కారు దేహానికి పోర్షే చెల్లించవలసిన ధర పెరిగింది. ఆరు సిలిండర్ల 914 ధర, పోర్షే 911 కార్లలో అన్నిటికన్నా చవకదాని దగ్గరికి వెళ్ళి కూర్చుంది. అందుబాటు ధర అనే మాట డ్రాయింగ్ బోర్డు మీదే తేలదు, విడిభాగాలు ఎవరు ఎంతకి ఇస్తారు అన్న కాగితం మీద కూడా తేలాలి.

ఇక నేను కాస్త ఎక్కువసేపు చెప్పాలనుకుంటున్నది అమెరికా కారు గురించి. పాంటియాక్ ఫియెరో. జనరల్ మోటార్స్ సంస్థలో హుల్కి ఆల్దికాచ్తి అనే టర్కీ మూలాలున్న ఇంజనీరు దీనికి సారథి. స్పోర్ట్స్ కారు అంటే యాజమాన్యం డబ్బివ్వదు. పెట్రోలు ధరలు మండుతున్న రోజులవి. అందుకని ఉద్యోగానికి వెళ్ళివచ్చేవాళ్ళ కోసం పెట్రోలు పొదుపు చేసే రెండు సీట్ల కారు అని చెప్పి అనుమతి సంపాదించారు. ఫియెరో నిర్మాణంలో ఒక గొప్ప ఆలోచన ఉంది. ఉక్కుతో గట్టి పంజరం లాంటి చట్రం కట్టి, పైన ప్లాస్టిక్ పలకలు బిగించారు. మామూలుగా కారు పైరేకు అన్ని చోట్లా మిల్లీమీటరు తేడా లేకుండా రావాలి. వీళ్ళు చట్రం మొత్తం అతికాక, దాన్ని ఒక యంత్రంలో నిలబెట్టి, పలకలు కూర్చునే చోట్లన్నిటినీ ఒకేసారి చెక్కి రంధ్రాలు వేశారు. అతుకుల్లో వచ్చిన చిన్న తేడాలన్నీ ఆ చెక్కడంతో సరిపోయాయి. పలకలు మారిస్తే ఏటా కొత్త రూపం తేవచ్చు, చట్రం ముట్టుకోనక్కరలేదు. 1984 నమూనాగా అది వచ్చినప్పుడు ప్రారంభ ధర 8 వేల డాలర్లకి ఒక్క డాలరు తక్కువ. మొదటి ఏడాదే లక్షా ముప్ఫై వేలకి పైగా తయారయ్యాయి. ఒక మిడ్ ఇంజన్ కారుకి అది కనీవినీ ఎరగని సంఖ్య.

మరి ఎందుకు పోయింది? సస్పెన్షన్‌కి డబ్బివ్వలేదు. ముందు సస్పెన్షన్ చెవెట్ అనే చవక కారుది. వెనకది, సైటేషన్ అనే ఇంకో కారు కుటుంబపు ముందు సస్పెన్షన్. అది ముందు చక్రాల కోసం చేసినది కాబట్టి దానికి స్టీరింగ్ కడ్డీలుంటాయి. వెనక చక్రాలు తిరగకూడదు కదా, ఆ కడ్డీల కొసల్ని చట్రానికి కట్టేశారు. చూడటానికి కూపర్లు టొపోలినోతో చేసిన పనే ఇది. కానీ కూపర్ల కారు గాలిబుడగ లాంటి తేలిక రేసు బండి. ఫియెరో 1100 కిలోలు దాటింది. గుంతలో పడి చక్రం పైకి లేచినప్పుడల్లా, ఆ కడ్డీ పొడవూ కోణమూ కొత్త చోటుకి తగినట్టు లేకపోవడం వల్ల వెనక చక్రం కొద్దిగా పక్కకి తిరుగుతుంది. ముందు చక్రం అలా తిరిగితే డ్రైవరు చేతికి తెలుస్తుంది, సరిచేసుకుంటాడు. వెనక చక్రం తిరిగితే చేతికి తెలియదు, కారు తోకకి తెలుస్తుంది. పాత విడిభాగం వాడటం తప్పు కాదు. దాని కొత్త చోటుకి తగ్గట్టు జ్యామితి మళ్ళీ లెక్కగట్టకపోవడం తప్పు.

ఇంజన్ విషయంలో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. పెట్టింది రెండున్నర లీటర్ల, 92 గుర్రాల బలమున్న పాత ఇనుప ఇంజన్. 1984 కార్లలో కొన్నిటికి కనెక్టింగ్ రాడ్లు సరిగా రాలేదు. ఆయిలు మట్టం తగ్గిందంటే ఆ రాడ్డు విరిగేది, ఇంజన్ గోడకి కన్నం పడేది, ఆయిలు వేడి సైలెన్సర్ గొట్టం మీద పడి మంట అంటుకునేది. ఆ ఇంజన్ ముందు బానెట్ కింద ఉన్న కారులో గాలి తగులుతూ ఉంటుంది. ఇక్కడ డ్రైవరు వీపు వెనక మూసిన గదిలో ఉంది. 1987లో ఆ 1984 కార్లన్నిటినీ సంస్థ వెనక్కి పిలిచి సరిచేసింది. అప్పటికి పేరు పోయింది. 1988లో ఎట్టకేలకు ఆ కారు కోసమే ప్రత్యేకంగా రూపొందించిన కొత్త సస్పెన్షన్ వచ్చింది. పరీక్షించినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. అదే ఏడాది కారు తయారీ ఆపేశారు. ఐదేళ్ళలో మూడు లక్షల డెబ్భై వేల కార్లు అమ్ముకున్న తరవాత, ఇంజనీర్లు మొదటి రోజు అడిగినది చివరి ఏడాది ఇచ్చారు. వాహన చరిత్రలో నన్ను ఇంతగా బాధపెట్టిన కథ ఇంకోటి లేదు.

ఫియెరో తొలి నమూనా ఏడాదే, 1984లో, జపాన్ నుంచి టొయోటా ఎం.ఆర్.2 వచ్చింది. చీఫ్ ఇంజనీరు అకియో యోషిదా. దీనిలో ఉన్నదీ కరోలా కుటుంబపు ఇంజనే, 1600 సి.సి., పదహారు వాల్వులు, హుషారుగా పైకి తిరిగే ఇంజన్. బరువు టన్నుకి అటూ ఇటూ. పెట్రోలు టాంకుని వీళ్ళు సీట్ల మధ్య సొరంగం లాంటి చోట పొడుగ్గా పెట్టారు. టాంకు నిండినా ఖాళీ అయినా కారు తూకం మారదు. అదే సరుకు, అదే ఏడాది, అదే ఆలోచన. తేడా అంతా మిగిలిన డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టారన్నదే. ఆ కారుని జపాన్ పత్రికలవారు ఆ సంవత్సరపు కారుగా ఎన్నుకున్నారు.

తరవాత 1996లో ఇంగ్లండులో లోటస్ ఎలీజ్ అమ్మకానికి వచ్చింది. నన్నడిగితే అందరికన్నా బాగా లెక్క తేల్చినవాళ్ళు వీళ్ళు. ఇంజన్ సొంతంగా చేసే స్తోమత లేదు. రోవర్ సంస్థ 1800 సి.సి. కె సిరీస్ ఇంజన్ని, దాని గేర్ బాక్సుతో సహా కొన్నారు. అదే ఇంజన్ అంతకు ముందే ఎం.జి.ఎఫ్. అనే ఇంకో మిడ్ ఇంజన్ కారులో ఉంది. తమ తెలివంతా ఛాసిస్ మీద పెట్టారు. అల్యూమినియాన్ని అచ్చుల్లోంచి పొడుగు గొట్టాలుగా తీసి, వాటిని వెల్డింగ్ చేయకుండా జిగురుతో అతికారు. ఊడకుండా అక్కడక్కడా బిగింపులు. ఆ ఛాసిస్ మొత్తం బరువు 68 కిలోలు. కారు మొత్తం 725 కిలోలు. 118 గుర్రాల బలంతోనే అది తనకన్నా రెండింతల ఖరీదున్న కార్ల వెంటపడింది. వేడికి అతికితే అల్యూమినియం బలం తగ్గుతుంది, అందుకే జిగురు. ఉక్కు రేకుల్ని నొక్కే పెద్ద డైలకయ్యే పెట్టుబడి కూడా తప్పింది. ఏడాదికి కొన్ని వేలు మాత్రమే అమ్ముడుపోయే కారుకి ఆ డైల ఖర్చే ఉరితాడు అవుతుంది.

అయితే ఈ ఇంజన్ ఇంకో పాఠం కూడా నేర్పింది. రేడియేటర్ ముందు, ఇంజన్ వెనక. మధ్యలో కారు అడుగున పొడవాటి గొట్టాలు. వేడి నీళ్ళు అంత దూరం పోవాలి, చల్లబడి తిరిగి రావాలి. గొట్టాల్లో ఎక్కడైనా గాలి బుడగ చిక్కుకుంటే ప్రవాహం ఆగుతుంది. కె సిరీస్ ఇంజన్లో పట్టే నీళ్ళు తక్కువ. ఎం.జి.ఎఫ్. కార్లలో హెడ్ గ్యాస్కెట్ పోవడం ఇంగ్లండు మెకానిక్కులందరికీ తెలిసిన జబ్బయిపోయింది. చల్లటి దేశంలోనే ఇంత జరిగితే, మే నెలలో విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్లో ఆగిన కారు సంగతి ఆలోచించండి. గాలి కదలదు, ఏ.సి. నడుస్తూ ఉంటుంది, ఇంజన్ గది మూసి ఉంటుంది. మన దేశానికి మిడ్ ఇంజన్ కారు గీసేవాళ్ళు మొదట గీయవలసింది గాలి వచ్చే దారీ పోయే దారీ. ఇంజన్ గదిలో ప్రత్యేకంగా ఒక ఫ్యాను కావాలి, ఇంజన్ ఆపాక కూడా కాసేపు అది తిరగాలి. రబ్బరు గొట్టాలూ కరెంటు తీగల తొడుగులూ ఎక్కువ వేడికి ఓర్చే రకానివి వాడాలి. ఎత్తైన చోట గాలి బయటికి తీసే మర అందుబాటులో ఉండాలి. ఇవి ఫొటోల్లో కనపడవు. కారు ఐదో వేసవి దాటుతుందా లేదా అన్నది వీటి మీదే ఉంది.

మన దేశం సంగతికి వస్తాను. 2012 ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో డి.సి. అవంతి కనిపించింది. రెనో రెండు లీటర్ల టర్బో ఇంజన్ని డ్రైవరు వెనక పెట్టిన కారు. నా మనసుకి దగ్గరైనది మాత్రం 2017 మార్చిలో జెనీవా ప్రదర్శనలో టాటా సంస్థ చూపించిన రేసిమో. 1.2 లీటర్ల మూడు సిలిండర్ల టర్బో పెట్రోలు ఇంజన్, సీట్ల వెనక. 190 గుర్రాల బలం, ఆరు సెకన్లలోపు వంద కిలోమీటర్ల వేగం అని ప్రకటించారు. పొడవు నాలుగు మీటర్లకి లోపే. ఈ పొడవూ, ఆ ఇంజన్ కొలతా ఎంత తెలివైనవో గమనించండి. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సి.సి. లోపు పెట్రోలు ఇంజన్ ఉన్న కారుకి మన దేశంలో పన్ను తక్కువ. చట్రం కూడా తక్కువ సంఖ్యలో తయారు చేసినా గిట్టుబాటయ్యే పద్ధతిలో అనుకున్నారు. అంటే ఇంతసేపూ నేను చెప్పిన చరిత్రని వాళ్ళు శ్రద్ధగా చదివారన్నమాట. ఆ కారు రోడ్డెక్కలేదు. కాన్సెప్టుగానే ఆగిపోయింది. భారతీయ సంస్థ ఒకటి ఇంత దగ్గరికి వచ్చి ఆగిపోవడం నాకు ఇప్పటికీ జీర్ణం కాని విషయం. లాభనష్టాల లెక్కలు సంస్థలకి ఉంటాయి, కాదనను. కానీ ఆ చట్రం ఆలోచనని చివరిదాకా తీసుకెళ్ళవలసింది.

అలాంటి కారు ఈ రోజు ఎవరైనా మొదలుపెడితే నేను అడిగేవి ఇవి. బరువు 850 కిలోలు దాటకూడదు. అలా అయితే 110 గుర్రాల బలం చాలు, మన చిన్న కార్లలో ఇప్పుడు అమ్ముడవుతున్న లీటరు టర్బో ఇంజన్లు ఆ పని చేస్తాయి. బరువు పెరిగితే పెద్ద ఇంజన్ కావాలి, దానికి పెద్ద బ్రేకులు, వెడల్పు టైర్లు, అలా ధర ఎక్కడికో పోతుంది. స్పీడ్ బ్రేకర్లు దాటాలి కాబట్టి రెండు ఇరుసుల మధ్య దూరం తక్కువ ఉండాలి, నేలకీ కారు అడుగుకీ ఎడం సరిపడా ఉండాలి, అడుగున పోయే నీళ్ళ గొట్టాలకి గట్టి రేకు కవచం ఉండాలి. దీపాలు, అద్దాలు, తలుపు గొళ్ళేలు, మీటర్లు అన్నీ అమ్ముడవుతున్న కార్లవే వాడనివ్వండి, ఎవరూ నొచ్చుకోరు. వెనక సస్పెన్షన్ మాత్రం కొత్తగా గీయాలి. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినా తోక పక్కకి జారకుండా వెనక చక్రాల్ని అది నిలబెట్టాలి. కొత్తగా నేర్చుకుంటున్న కుర్రాడు నడిపినా కారు క్షమించాలి. ఇక్కడ అకౌంట్స్ వారు ఖర్చు తగ్గించమంటే ససేమిరా అనే మనిషి ఒకరు ఆ జట్టులో ఉండి తీరాలి.

ఇంజన్ వెనక ఉన్న బండి కట్టడం మన పిల్లలకి కొత్త కాదు. ఫార్ములా భారత్ లాంటి విద్యార్థుల రేసు కార్ల పోటీలకి మన రెండు తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కాలేజీల జట్లూ వెళుతున్నాయి. ఒక్క సీటు, దాని వెనక మోటారు సైకిల్ ఇంజన్. కూపర్లు 1946లో చేసిన పనే వీళ్ళు కాలేజీ వర్క్‌షాపులో చేస్తున్నారు.

ఆ విద్యార్థులకి నాదొక విన్నపం. మీలో చాలామంది కంప్యూటర్ తెర మీద ముందు కారు ముక్కు గీస్తారు, వెనక రెక్క గీస్తారు. దానికన్నా ముందు విజయవాడ ఆటోనగర్‌కో, మీ ఊళ్ళో పాత కార్లు విప్పే షెడ్డుకో వెళ్ళండి. ఒక చిన్న కారు ఇంజన్, గేర్ బాక్స్, ముందు సస్పెన్షన్ ఉన్న మూట మొత్తాన్ని దింపించి తూకం వేయండి. ప్రతి బోల్టు చోటూ కొలవండి. స్టీరింగ్ కడ్డీ కొస ఎక్కడుందో, చక్రం రెండంగుళాలు పైకి లేస్తే అది ఎటు లాగుతుందో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఒక్కో విడిభాగం ధర అక్కడి మేస్త్రీని అడిగి పక్కన రాసుకోండి. ఆ కాగితం చేతికొచ్చాక బొమ్మ మొదలుపెట్టండి.